హారెం మాంగాను గుర్తుపట్టడం ఎలా

హనుమకొండ నయీంనగర్‌లో ఒక అద్దె గదిలో మేము కొందరం మా సొంత మాంగా, అంటే జపాను బొమ్మల కథల, పుస్తకాలన్నింటినీ ఒకచోట చేర్చి, ఒకరివి ఒకరం మార్చుకొని చదువుకుంటాము. మొన్నటి వేసవిలో వాటిని కోవల వారీగా అరల్లో సర్దే పని నాకు అప్పగించారు. పోరాటాలు, క్రీడలు, భయానకం వంటివి ఒక సాయంత్రంలో సర్దుబాటయ్యాయి గానీ, ఒకరిని పలువురు ప్రేమించే కథల కోసం ‘హారెం’ అని చీటీ అంటించిన అర దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. మా మేనల్లుడు అట్ట మీద ముగ్గురు అమ్మాయిలు కనబడిన ప్రతి పుస్తకాన్నీ తెచ్చి అందులో పెట్టేవాడు, నేను తీసి పక్కన పెడితే, “ఇంతమంది అమ్మాయిలున్నరు గదా మామా, ఇగ హారెం గాకపోతే ఏంది?” అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను అనుసరించిన పద్ధతినే, అలాంటి పనిలో పడిన ఇతర పాఠకులకు ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మాటను సరిచేసుకోవాలి. హారెం అనేది అరబ్బీ మూలం గల మాట. పరాయివారికి ప్రవేశం లేని చోటు అన్నది దాని అసలు భావం. మన అంతఃపురం, హైదరాబాదు వైపు పాతతరం వాడిన జనానా దానికి దగ్గరి మాటలు. జపాను పాఠకులు ఈ రకం కథలను ‘హారెము మోనో’ అంటారు. అయితే అంతఃపురంలో రాజుకు అధికారం ఉంటుంది. ఈ కథల్లోని కుర్రవాడికి చాలా సందర్భాల్లో అధికారం మాట అటుంచి, తన చుట్టూ ఏమి జరుగుతున్నదో కూడా తెలియదు. కనుక పేరును బట్టి కథను ఊహించుకొని వెతికితే దారి తప్పుతాము.

రెండో గందరగోళం షోనెన్ (బాలురవి), షోజో (బాలికలవి), సేనెన్ (యువకులవి), జోసేయ్ (యువతులవి) అనే విభాగాలది. ఇవి కథలోని విషయాన్ని కాక, కథ అచ్చయిన పత్రిక ఏ వయసు వారిని, మగవారినా ఆడవారినా, ఉద్దేశించిందో చెబుతాయి. హారెం కథ వీటిలో దేనిలోనైనా రావచ్చు. అందువల్ల ‘ఇది షోనెన్ కదా, హారెం ఎట్లా అవుతుంది?’ అన్న వాదన నిలవదు.

ఇక పరీక్షకు వద్దాము. కథ మధ్యలో ఒక్క మనిషి ఉండాలి, ఆ మనిషి మీద ప్రేమో, ప్రేమకు దారితీయగల ఆకర్షణో ఉన్నవారు కనీసం ముగ్గురు ఉండాలి. ఇద్దరైతే దానిని ముక్కోణపు ప్రేమ అనడమే న్యాయం. ముగ్గురన్నది ఎవరో రాసిపెట్టిన సూత్రం కాదు, వాడుకలో స్థిరపడిన లెక్క. అయితే లెక్క కుదిరిందని అక్కడే ఆగిపోవడం మా మేనల్లుడు చేసిన పొరపాటు. ఒక తరగతి గదిలో పదిమంది అమ్మాయిలు ఉన్నంత మాత్రాన వారంతా నాయకుడిని ప్రేమిస్తున్నట్లు కాదు. ఒక పోరాట కథలో ఇద్దరు ముగ్గురు నాయకుడిని ఆరాధించినా, ఆ ఆరాధన వల్ల కథ ఒక్క అడుగైనా అటూ ఇటూ జరగకపోవచ్చు.

లెక్క తరువాత చూడవలసింది ప్రేమ ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళుతున్నదీ అన్నది. రుమికో తకహాషి 1978లో మొదలుపెట్టి 1987 వరకు రాసిన ‘ఉరుసేయ్ యాత్సురా’ను ఈ కోవకు ముత్తాతగా చాలామంది లెక్కిస్తారు. కానీ అందులోని అతారు అనే కుర్రవాడు కనబడిన ప్రతి అమ్మాయి వెంటా తానే పడతాడు, వారేమో అతడిని దూరంగా తరిమికొడతారు. లమ్ అనే గ్రహాంతర యువతి ఒక్కతే అతడిని పట్టుకొని వదలదు. బాణాలు మధ్యనున్న మనిషి నుంచి బయటకు వెళుతున్నాయే తప్ప, బయటి నుంచి మధ్యకు రావడం లేదు. హారెం కథలో ఇది తిరగబడాలి. కాబట్టి నేను దానిని పూర్వరూపంగా ఒప్పుకొని, అర మాత్రం మార్చాను. ఈ అచ్చును నేటి రూపంలో స్థిరపరచినది మాంగా కాదు, 1992లో వీడియోల రూపంలో విడుదలైన ‘తెంచి ముయో’ అనే యానిమే (జపాను యానిమేషన్ చిత్రం) అని సాధారణంగా చెబుతారు. మెతక స్వభావం గల ఒక కుర్రవాడి ఇంట్లోకి గ్రహాంతరాల నుంచి ఒకరి తరువాత ఒకరుగా యువతులు వచ్చి చేరడం అందులోని కథ.

మూడోది సమానత. ఇక్కడ మన సినిమా అనుభవం బాగా పనికివస్తుంది. ఇద్దరు హీరోయిన్లున్న తెలుగు సినిమా చూడడానికి కూర్చుంటే, విశ్రాంతి సమయానికే ఎవరు మిగులుతారో మనకు తెలిసిపోతుంది. రెండో అమ్మాయి ఒక పాటలో కనబడి, చివరకు త్యాగం చేసో, ప్రాణం పోగొట్టుకొనో తప్పుకుంటుంది. ఆమెకు గెలిచే అవకాశం ఎన్నడూ లేదు. హారెం కథలో అలా ఉండకూడదు. ప్రతి నాయికకూ తనదంటూ కొన్ని అధ్యాయాలు, నాయకుడితో ఏకాంతంగా గడిపిన సందర్భం, ఆమె పక్షాన నిలబడే పాఠకులు ఉండాలి. అందరికీ సరిగ్గా సమానమైన అవకాశం ఏ రచయితా ఇవ్వడు, కానీ ఇస్తున్నట్లు నమ్మించగలగాలి. నేగి హారుబా రాసిన ‘గో తోబున్ నో హనయోమె’ ఈ నేర్పుకు మంచి ఉదాహరణ. 2017 నుంచి 2020 వరకు 122 అధ్యాయాలుగా నడిచి 14 సంపుటాలైన ఆ కథలో, పేదవాడైనా చదువులో మొదటివాడైన ఫూతరో, ఒకే కాన్పులో పుట్టిన ఐదుగురు అక్కచెల్లెళ్లకు చదువు చెప్పడానికి కుదురుతాడు. కథ మొదట్లోనే భవిష్యత్తులో జరిగే అతడి పెళ్లి చూపిస్తారు. వధువు ఆ ఐదుగురిలో ఒకరని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఐదుగురి ముఖాలూ ఒకటే కావడం చేత ఆ గుట్టు చివరిదాకా దాగింది. చదవబోయేవారి కోసం నేనూ ఆ పేరు ఇక్కడ చెప్పను.

ఇప్పటివరకు చెప్పినవన్నీ ప్రాథమిక పరీక్షలు. అసలు తీర్పు చెప్పేది వేరొకటి ఉంది, నా మట్టుకు నేను దాని మీదనే ఆధారపడతాను. ప్రేమించేవారిలో ఒక్కరిని మాత్రమే ఉంచి, మిగిలినవారందరినీ మనసులో తీసివేసి కథను మళ్లీ చెప్పుకొని చూడాలి. కథ కుంటుకుంటూనైనా నడిస్తే అది హారెం కాదు, మామూలు ప్రేమకథ; మిగిలినవారు దానికి అలంకారాలు. కథ అక్కడికక్కడే ఆగిపోతే అది హారెం.

ఈ పరీక్ష బలం తెలియాలంటే ఒకే రకం ఇంట్లో జరిగే రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడాలి. తకహాషి 1980 నుంచి 1987 వరకు రాసిన ‘మేజోన్ ఇక్కోకు’లో గోదాయ్ అనే కుర్రవాడు పాత అద్దె ఇంట్లో ఉంటూ, కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పి మళ్లీ చదువుతుంటాడు, ఆ ఇంటిని చూసుకోవడానికి వచ్చిన క్యోకో అనే చిన్న వయసు వితంతువును ప్రేమిస్తాడు. కెన్ అకమత్సు 1998 నుంచి 2001 వరకు రాసి 14 సంపుటాలు చేసిన ‘లవ్ హీనా’లో కేయ్‌తరో కూడా ప్రవేశ పరీక్ష తప్పినవాడే, అతడు తన కుటుంబానికి చెందిన వసతిగృహానికి నిర్వాహకుడవుతాడు, అక్కడ ఉండేవారంతా అమ్మాయిలు. పాత ఇల్లు, తప్పిన పరీక్ష, నిర్వాహక ఉద్యోగం, ఇరుగుపొరుగు గదుల అల్లరి రెండింటిలోనూ ఉన్నాయి. మొదటిదానిలో గోదాయ్ వెంటపడే కోజుయెను, క్యోకోను పెళ్లాడాలని చూసే టెన్నిస్ శిక్షకుడు మితకాను తీసివేసినా, చనిపోయిన భర్త జ్ఞాపకానికీ కొత్త ప్రేమకూ మధ్య నలిగే క్యోకో మిగులుతుంది, కథ కూడా మిగులుతుంది. రెండోదానిలో చిన్ననాడు ఒక అమ్మాయితో కలిసి టోక్యో విశ్వవిద్యాలయంలో చేరతానని ఇచ్చిన మాటను పట్టుకొని కేయ్‌తరో తిరుగుతుంటాడు, ఆ అమ్మాయి ఎవరో అతడికి గుర్తు లేదు. అక్కడి అమ్మాయిల్లో నరు అనే ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉంటే, ‘ఆమె ఎవరు?’ అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. ఒకటి ప్రేమకథల అరలోకి, మరొకటి హారెం అరలోకి వెళ్లింది. మా గదిలో ఈ నిర్ణయాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, ఇది అరుదైన విషయం.

ఇలా తేలని స్థితి సంపుటాల కొద్దీ ఎందుకు సాగుతుందో మన పాత వారపత్రికల సీరియళ్లు చదివినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ ప్రస్తావించినవాటిలో చాలా కథలు ముందు వార, మాస పత్రికల్లో విడతలుగా వచ్చి, తరువాత సంపుటాలుగా వచ్చినవే. ప్రతి వారం ఆఖరి పుటలో ‘సశేషం’ పడాలంటే నాయకుడు తేల్చుకోకూడదు. పాత్రలలో ఎవరు ఎక్కువ నచ్చారో చెప్పమని పత్రికలు పాఠకుల చేత ఓట్లు వేయిస్తాయి కూడా. ఒక నాయికను ముందే ఎంపిక చేసేస్తే మిగిలిన నాయికల పక్షం వారు పత్రిక కొనడం మానేస్తారన్న భయం సంపాదకులకు ఉండడం సహజమే. కొన్ని కథల్లో ఈ సాగదీత విసుగు పుట్టిస్తుంది. నవోషి కోమి రాసిన ‘నిసెకోయ్’ 2011 నుంచి 2016 వరకు నడిచి 25 సంపుటాలయింది. ఒక లాకెట్టు, దానికి సరిపోవచ్చనిపించే తాళంచెవులు ఒకరికి మించిన అమ్మాయిల దగ్గర ఉండడం అనే చక్కని ఎత్తుగడ అందులో ఉంది. ఆ తాళం ఎప్పటికి తెరుచుకుంటుందా అని నేను పదిహేనో సంపుటం దగ్గరే అలసిపోయాను. అయినా అది హారెం కాదని అనలేము. సాగదీత నాణ్యతకు సంబంధించిన లోపం, కోవకు సంబంధించినది కాదు.

ఈ కోవను అర్థం చేసుకోవడానికి మన చేతిలోనే ఒక పాత కొలబద్ద ఉంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యే వరకు ఏలిన ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్రం నాయక ప్రకరణంతో మొదలవుతుంది. శృంగార నాయకులు నలుగురని మన శాస్త్రకారులు చెబుతారు: ఒకే నాయిక యందు అనురక్తుడైన అనుకూలుడు, పలువురిని సమానంగా ఆదరించే దక్షిణుడు, తప్పు బయటపడినా జంకని ధృష్టుడు, చాటుగా తప్పు చేసే శఠుడు. మాంగా నాయకులను ఈ నాలుగు గదుల్లో కూర్చోబెట్టాలని నేను ప్రయత్నించాను. ఎక్కువమంది ఇమడలేదు. ఈ నలుగురూ ప్రేమలోకి దిగినవారు; హారెం నాయకుడు ఇంకా గడప ఇవతలే నిలబడి, ఎవరు పిలుస్తున్నారో తెలియక తల గోక్కుంటున్నవాడు. ఆ ఐదో రకానికి శాస్త్రంలో పేరు లేదు. మొద్దు నాయకుడు అని మేము సరదాగా పిలుచుకుంటాము.

అయితే అచ్చమైన దక్షిణ నాయకుడు ఒకడు దొరికాడు. రికితో నకమురా రచనతో, యుకికో నొజావా బొమ్మలతో 2019 చివర మొదలైన నూరుగురు ప్రియురాళ్ల కథలో రెంతరో అనే కుర్రవాడికి, దేవుడు చేసిన పొరపాటు వల్ల నూరుమంది విధిరాత ప్రియురాళ్లు దక్కుతారు; వారిలో ఎవరినైనా కాదంటే ఆ అమ్మాయి ప్రాణానికే ముప్పు. అతడు ఎవరి దగ్గరా దాచకుండా, అందరి ఎదుటా అందరినీ ప్రేమిస్తాడు. హారెం అంటే ‘ఎవరిని ఎంచుకుంటాడు?’ అన్న ప్రశ్నే అని నిర్వచించేవారికి ఈ కథ పెద్ద చిక్కు, ఎందుకంటే ఇందులో ఎంపికే లేదు. నేను పైన చెప్పిన పరీక్షకు మాత్రం ఇది సులభంగా లొంగుతుంది. ఒక్క అమ్మాయిని ఉంచి మిగిలినవారిని తీసివేయండి, కథలో ఒక్క పుట కూడా మిగలదు. ఒకరికీ పలువురికీ మధ్యనున్న బంధమే కథావస్తువు కావాలి. ఆ బంధం తేలకుండా ఊగిసలాడడం అందులో ఎక్కువగా కనబడే రూపం మాత్రమే.

నాయికల విషయంలోనూ ఆ పాత శాస్త్రంతో పోలిక ఆసక్తికరంగా ఉంటుంది. ఖండిత, కలహాంతరిత, వాసకసజ్జిక వంటి ఎనిమిది మంది నాయికలు ఎనిమిది అవస్థలు. ఒకే స్త్రీ నిన్న అలిగి, నేడు పశ్చాత్తాపపడి, రేపు ఎదురుచూడవచ్చు. మాంగాలోని వర్గీకరణ అవస్థను కాక స్వభావాన్ని పట్టుకుంటుంది. పైకి కసురుకుంటూ లోపల కరిగిపోయే అమ్మాయిని త్సున్‌దెరె అని, చలనం లేనట్లు కనబడే అమ్మాయిని కూదెరె అని, ప్రేమ ముదిరి ప్రమాదకరంగా మారిన అమ్మాయిని యాన్‌దెరె అని పిలుస్తారు; వీరుగాక చిన్ననాటి స్నేహితురాలు దాదాపు తప్పనిసరి. పుస్తకం తిరగేస్తున్నప్పుడు ఒక్కొక్క రకానికి ఒక్కొక్క అమ్మాయి చొప్పున పంచిపెట్టినట్లు కనబడితే, అది హారెం అనడానికి బలమైన సూచనగా తీసుకోవచ్చు, రుజువుగా కాదు.

ముగింపును చూసి కోవను నిర్ణయించకూడదు. చివరకు ఒకరినే పెళ్లాడాడు కాబట్టి ఇది హారెం కాదని వాదించేవారు మా గదిలోనూ ఉన్నారు. ఆ లెక్కన ఈ అరలో దాదాపు ఏ పుస్తకమూ మిగలదు. చాలా కథలు ఒకరిని ఎంచుకొనే ముగుస్తాయి, కొన్ని ఎటూ చెప్పకుండా వదిలేస్తాయి. తైషి త్సుత్సుయ్ రాసిన ‘బొకుబెన్’ 2020లో ముగిసినప్పుడు ఐదుగురు నాయికలకు ఐదు వేర్వేరు ముగింపులు ఇచ్చారు. ఆ ఆలోచనకు మూలం వీడియో ఆటల్లో ఉంది. 1994లో కొనామి సంస్థ తెచ్చిన ‘తోకిమెకి మెమోరియల్’ వంటి ఆటల్లో ఆడేవాడు బడిలోని ఏ అమ్మాయి మనసు గెలిస్తే ఆట ఆ దారిలో ముగుస్తుంది. మాంగా పాఠకులు ఫలానా నాయిక ‘రూట్’ అని మాట్లాడుకోవడం ఆ ఆటల వాడుకే.

మధ్యలో అమ్మాయి, చుట్టూ అబ్బాయిలు ఉంటే దానిని ‘గ్యాకు హారెము’, అంటే తిరగేసిన హారెం అంటారు. పరీక్షలు అవే, కానీ ఇక్కడ పొరపాటు పడే అవకాశం ఎక్కువ. యూ వతాసె 1992లో మొదలుపెట్టిన ‘ఫుషిగి యూగి’లో మియాకా అనే అమ్మాయి చుట్టూ ఏడుగురు యోధులు చేరతారు కాబట్టి చాలామంది దానిని ఈ కోవలో వేస్తారు. అయితే ఆమె మనసు తమహోమె మీద త్వరలోనే నిలుస్తుంది, మిగిలిన యోధులు కావలసింది ముఖ్యంగా ఆమె చేపట్టిన కార్యం కోసం. నేను దానిని సాహస ప్రేమకథల్లో ఉంచాను. బిస్కో హతోరి రాసిన ‘ఓరాన్’ కథ 2002 నుంచి 2010 వరకు నడిచింది. అందులో ఎనభై లక్షల యెన్‌ల పూలకూజా పగలగొట్టిన హరుహి, ఆ అప్పు తీర్చడానికి ధనికుల బడిలో ఆరుగురు అబ్బాయిల బృందంలో చేరవలసి వస్తుంది. ఆ ఆరుగురూ ఆమెను ఒకే తీరున ప్రేమించరు, కనుక కచ్చితమైన లెక్కలో ఇది తప్పవచ్చు. కానీ ఆ కథ ఈ కోవ అలవాట్లన్నింటినీ తెలిసి తెలిసి ఎగతాళి చేస్తుంది. ఎగతాళి చేయబడే కోవ పక్కనే ఉంటే తప్ప ఆ హాస్యం అందదు. అందుకే దానిని తిరగేసిన హారెం అరలోనే పెట్టాను.

ఒళ్లు కనబడే బొమ్మలు, జారిపడడాలు, స్నానాల గది పొరపాట్లు హారెం లక్షణాలు కావని కూడా చెప్పాలి. వాటిని ఫ్యాన్ సర్వీస్ అంటారు, మోతాదు పెరిగితే ఎచ్చి అంటారు. అవి ఏ కోవలోనైనా ఉండవచ్చు, అవి లేని హారెం కూడా ఉండవచ్చు. అయితే ఈ రెండూ తరచుగా కలిసి ప్రయాణిస్తాయి కనుక, బడి పిల్లలు వచ్చే గదిలో అర సర్దేవారు వెనుక అట్ట మీది వయసు సూచన చూడకుండా ఏ పుస్తకాన్నీ కింది వరుసలో పెట్టకూడదు.

ఎంత చదివి తీర్పు చెప్పాలన్నది చివరి సందేహం. మొదటి అధ్యాయం చాలదు, అక్కడ తరచుగా ఒకే నాయిక ఉంటుంది. నేను రెండు సంపుటాలు పూర్తిగా చదివి, మూడోదాని విషయసూచిక చూస్తాను; అధ్యాయాలు వంతుల వారీగా ఒక్కొక్క నాయికకు చేరుతున్నట్లు కనబడితే పెన్సిలుతో చీటీ రాసి అంటిస్తాను. పెన్సిలే ఎందుకంటే, తరువాతి సంపుటాలు ఆ చీటీని తప్పని తేల్చిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి.

‘రన్మా’ సంపుటాలు మాత్రం ఇంకా బల్ల మీదనే ఉన్నాయి. 1987 నుంచి 1996 వరకు నడిచిన ఆ కథలో చన్నీళ్లు పడితే అమ్మాయిగా మారే కుర్రవాడి వెంట అకానె, షాంపూ, ఉక్యో, కొదాచి ఉన్నారు. అమ్మాయిగా మారినప్పుడు అతడి వెంట కునో పడతాడు. అకానెను మాత్రమే ఉంచి చూస్తే నవ్వులు సగం పోతాయి, కుస్తీలు, శాపం మిగిలే ఉంటాయి. మా మేనల్లుడు దాని మీద హారెం అని పెన్సిలుతో రాశాడు, నేను పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాను.